ఇంటి గుట్టు దరఖాస్తులో రాయాలా?

ప్రశ్న: నమస్కారం అండీ. మాది కాకినాడ. అక్కడే జేఎన్టీయూలో సివిల్ చదువుకుని 2008లో ఎమ్మెస్‌కి టెక్సాస్ వచ్చాను. 13 ఏళ్లు ఒకే కన్సల్టింగ్ కంపెనీలో రోడ్ల డ్రైనేజీ డిజైన్ చేశాను. పీఈ (ప్రొఫెషనల్ ఇంజినీర్) లైసెన్సు ఉంది. గ్రీన్ కార్డు 2023లో వచ్చింది. ఏడాదిన్నర కిందట డాలస్ దగ్గర చిన్న ఎల్‌ఎల్‌సీ కంపెనీ పెట్టాను. నేనూ, ఒక డ్రాఫ్టరూ, అంతే. పెట్టుబడి 60 వేల డాలర్లు మా జాయింట్ అకౌంటులోంచి తీశాం. మావారిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కంపెనీలో వాటాలు చెరి సగం. ఇప్పటికి రెండు చిన్న సబ్ కాంట్రాక్టులు చేశాను. లైన్ ఆఫ్ క్రెడిట్ అడిగితే పోయిన నెల బ్యాంకు వాళ్లు ఫోన్లోనే కాదన్నారు.

మాకు తెలిసిన ఒకాయన, "ఆడవాళ్లు, పైగా ఇండియన్. 51 శాతం మీ పేరున రాయించేసుకోండి, డీబీఈ సర్టిఫికెట్ నెలలో చేతికొస్తుంది. హైవే పనులు ఇంటికొచ్చి ఇస్తారు" అన్నారు. ఇంకొకాయన 4 వేల డాలర్లిస్తే దరఖాస్తు మొత్తం నింపి పెడతారట. అందులో నా కష్టాల కథ ఒకటి ఉండాలట, అదీ ఆయనే రాసేస్తారట. నాకు అక్కడే మనసొప్పడం లేదు. మేం గుట్టుగా బతికినవాళ్లం. పడ్డ పాట్లన్నీ గవర్నమెంటుకి రాసుకోవాలా? హైదరాబాద్‌లో నా పేరున ఉన్న ప్లాటు సంగతి కూడా చెప్పాలా? అసలు ఇప్పుడు ఈ సర్టిఫికెట్ కోసం తిరగడం దండగేనా?

— ఒక సోదరి, ఉత్తర టెక్సాస్

సమాధానం: అమ్మా, మీరు చెప్పినవాళ్లలో మొదటాయన అబద్ధం చెప్పలేదు. చెల్లని పాత నోటు చేతిలో పెట్టారు. అది ఎప్పటిదాకా చెల్లిందో, ఎందుకు చెల్లకుండా పోయిందో తెలిస్తే మీ ప్రశ్నల్లో సగం వాటంతటవే విడిపోతాయి.

డీబీఈ అంటే వెనకబాటుకు గురైన చిన్న వ్యాపారం అని గుర్తింపు. అమెరికా రవాణా శాఖ డబ్బుతో వేసే రోడ్లు, వంతెనలు, రైలు, బస్సు, విమానాశ్రయం పనుల్లో ఇలాంటి కంపెనీలకు కొంత వాటా అందేలా చూడాలన్నది ఉద్దేశం. 1980లో మొదలైంది. 1983 జనవరిలో చట్టంలోకి ఎక్కి, కనీసం 10 శాతం అన్న లక్ష్యం అక్కడ పడింది. మహిళలను 1987లో కలిపారు. మన సంగతి వేరుగా ఉంది. భారత ఉపఖండం వాళ్లం మొదట వెనకబడ్డ వర్గాల జాబితాలో లేము. నేషనల్ అసోసియేషన్ ఆఫ్ అమెరికన్స్ ఆఫ్ ఏషియన్ ఇండియన్ డిసెంట్ అనే సంఘం అర్జీ పెట్టుకుంటే, 1982లో చిన్న వ్యాపారాల సంస్థ ఎస్‌బీఏ మనల్ని చేర్చింది. ఆ తర్వాత వచ్చిన మా తరం ఇంజినీర్లు ఎంతోమంది ఆ గుర్తింపు పట్టుకునే బోర్డులు కట్టారు. నేనూ అందులో ఒకణ్ణి. 22 ఏళ్లు నడిపి, మొన్నీమధ్యే అమ్మేసి ఇంట్లో కూర్చున్నాను.

ఆ రోజుల్లో ఫలానా వర్గం వాణ్ణని సంతకం పెడితే చాలు, వెనకబాటు ఉన్నట్టే అనుకునేవాళ్లు. కాదని ఎవరైనా నిరూపిస్తే తప్ప అది చెల్లేది. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం అనండి, మాకేం కోపం రాదు. దీని మీద కోర్టు గొడవలు మాత్రం ఎప్పుడూ ఆగలేదు. 1995లో కొలరాడో రోడ్డు పక్క గార్డ్‌రెయిల్ పని దగ్గర మొదలైన అడరాండ్ కేసులో సుప్రీంకోర్టు, జాతిని బట్టి ఇచ్చే ఏ సదుపాయాన్నయినా గట్టి గీటురాయి మీద రుద్ది చూడాలంది. 1999లో నిబంధనలు తిరగరాశారు. అవే ఇప్పటికీ అందరూ 'పార్ట్ 26' అని పిలిచేవి. 2024 సెప్టెంబర్‌లో మిడ్-అమెరికా మిల్లింగ్ అనే ఇండియానా కంపెనీ, ఇంకో ట్రకింగ్ కంపెనీ కలిసి వేసిన దావాలో కెంటకీ ఫెడరల్ జడ్జి ఆ రెండు కంపెనీల వరకూ ఈ వర్గాల లెక్కను ఆపేశారు. మర్నాటి ఏడాదికి ప్రభుత్వమే ఆ వాదనతో ఏకీభవించింది. 2025 అక్టోబర్ 3న రవాణా శాఖ మధ్యంతర నిబంధన తెచ్చి, జాతిని బట్టీ ఆడ-మగ తేడాను బట్టీ వెనకబాటు ఉందనుకునే పద్ధతి తీసేసింది. అదే రోజు నుంచి అమల్లోకి వచ్చేసింది.

కాబట్టి ఇప్పుడు 'ఆడవాళ్లు, ఇండియన్' అన్న రెండు మాటలకీ విలువ లేదు. వాటి వల్ల నష్టమూ లేదు, అది వేరే సంగతి. దరఖాస్తు చేసే ప్రతి యజమానీ, తెల్లాయనైనా మనమైనా, తన విషయంలో ఏం జరిగిందో తనే చెప్పుకోవాలి. మీకు మనసొప్పని ఆ కష్టాల కథ ఇక్కడి నుంచి వచ్చిందే. దాన్ని పర్సనల్ నెరేటివ్ అంటారు. దరఖాస్తు మొత్తానికి అదే గుండెకాయ.

ఇంకో మార్పు కూడా వినండి. ఇదివరకు సర్టిఫికెట్ ఉన్నవాళ్లందరినీ ప్రతి రాష్ట్రం మళ్లీ మొదటి నుంచి పరీక్షించాలి. అది పూర్తయ్యేదాకా ఆ రాష్ట్రంలో కాంట్రాక్టుల మీద డీబీఈ లక్ష్యాలు పెట్టకూడదు, డీబీఈకి ఇచ్చిన పనిని లెక్కలో చూపించకూడదు. అంటే ఆ పరీక్ష ముగిసేదాకా చేతిలో సర్టిఫికెట్ ఉన్నా, అది చూసి మిమ్మల్ని పిలవాల్సిన అగత్యం పెద్ద కంపెనీకి ఉండదు. లక్ష్యాలకు ఆధారమైన 2021 మౌలిక సదుపాయాల చట్టం గడువు 2026 సెప్టెంబర్ 30. తర్వాతి చట్టంలో ఏం రాస్తారన్నది కాంగ్రెస్ చేతిలో ఉంది. ఇంటికొచ్చి పనులిస్తారన్న మాట, నిజం చెప్పాలంటే, మంచి రోజుల్లో కూడా నిజం కాదు. నాకు సర్టిఫికెట్ వచ్చాక మొదటి పని దొరకడానికి 14 నెలలు పట్టింది. ఈలోగా నా పేరు ప్రపోజల్‌లో రాసుకుని, గెలిచాక ఫోన్ ఎత్తని పెద్దమనుషుల్ని నలుగురిని చూశాను.

ఇక మీ కంపెనీ సంగతి. దండగా కాదా అన్నది చివర చెప్తాను. ముందు వాటాలు, పెత్తనం చూద్దాం, ఎందుకంటే అక్కడ మీకు కొంచెం పని ఉంది.

51 శాతం కనీసం ఉండాలి. మీది 50. ఇది కాగితం మీద దిద్దుకోగలిగిందే. కాకపోతే రాత్రికి రాత్రి ఆ ఒక్క శాతం ఎలా వచ్చిందని అడుగుతారు. వాటాకు తగ్గ సొంత డబ్బు మీరు నిజంగా పెట్టారా, పెడితే ఆ చెక్కు ఎక్కడ, ఆ డబ్బు ఏ అకౌంటులోంచి వచ్చింది, ఆ అకౌంటులోకి ఎవరి జీతం పడేది, ఇంత దూరం వెళ్తారు. టెక్సాస్‌లో పెళ్లయ్యాక సంపాదించింది ఇద్దరిదీ అని చట్టం. మీ 60 వేలు జాయింట్ అకౌంటులోవి గనక, మీ వాటా మీదేనని ఎలా రాసుకోవాలో ఈ రాష్ట్రంలో కంపెనీల పని చేసే లాయర్ దగ్గర ఒక గంట కూర్చోండి. మీరు ఖర్చు పెట్టాల్సిన డబ్బు ఏదైనా ఉంటే అది ఇక్కడ, కథ రాసే ఆయన దగ్గర కాదు. 2010 నుంచీ మీరూ జీతం తెచ్చుకున్నవారే కదా. మీ పాత డబ్ల్యూ-2లు, అంటే ఏటేటా కంపెనీ ఇచ్చిన జీతం కాగితాలు, అన్నీ బయటికి తీయండి, అవి మీకు బలం.

వాటా కన్నా గట్టిగా చూసేది పెత్తనం ఎవరిదన్నది. ఇది మనకి విడమరిచి చెప్పక్కర్లేదు. మహిళలకు కేటాయించిన పంచాయతీలో ఆవిడ గెలుస్తుంది, ఆఫీసులో కుర్చీలో ఆయన కూర్చుంటాడు, ఊరంతా ఆయన్నే సర్పంచ్ గారూ అంటుంది. ఈ పరీక్ష పట్టుకోవాలని చూసేది సరిగ్గా దాన్నే. మీ ఎల్‌ఎల్‌సీ ఒప్పందం ఇవాళే తీసి చదవండి. 'ఇద్దరు సభ్యుల అంగీకారంతో' అన్న ముక్క ఎక్కడైనా ఉందా? చాలామంది నెట్లో దొరికిన నమూనా కాగితం మీద సంతకం పెట్టేస్తారు, అందులో ఇది ఉంటుంది. అది ఉంటే మీ 51 శాతం ఉత్సవ విగ్రహమే. అప్పు తేవడం, మనిషిని పెట్టుకోవడం, తీసేయడం, బిడ్ వేయడం, వీటిలో ఏదీ ఇంకొకరి సంతకం కోసం ఆగకూడదు. బ్యాంకు అకౌంటు మీద మీవారి సంతకం చాలు అన్నట్టుంటే అదీ మార్పించండి.

మీ విషయంలో నాకు ధైర్యం ఎక్కడంటే, పని నిజంగా మీదే. పీఈ సీలు మీది. టెక్సాస్‌లో ఇంజినీరింగ్ సేవలిచ్చే కంపెనీ రాష్ట్ర ఇంజినీర్ల బోర్డులో నమోదు కావాలి, ఒక పీఈ అయినా పూర్తికాలం అందులో పనిచేయాలి. ఆ పీఈ మీరే. మీవారు సాయంత్రాలు క్విక్‌బుక్స్‌లో కంపెనీ లెక్కలు చూసిపెడితే తప్పేం లేదు. ఆయన చేసే పని ఆయన పేరుతోనే రాయండి. అసలు చేయట్లేదని మాత్రం రాయకండి.

నేను మొదటిసారి ఎలా దెబ్బతిన్నానో చెప్తే నవ్వుతారు. పాత యజమాని మంచివాడు, ఆయన ఆఫీసులోనే ఓ మూల గదిచ్చాడు. ప్రింటర్ ఆయనది, ప్లాటర్ ఆయనది, నా బిల్లుల్లో పదింట తొమ్మిది ఆయనకే. తనిఖీకి వచ్చినావిడ అన్నీ చూసి, "రేపు పొద్దున ఆయన మిమ్మల్ని ఖాళీ చేయమంటే ఎల్లుండి మీ కంపెనీ ఎక్కడ ఉంటుంది?" అని ఒక్కటే అడిగింది. నా దగ్గర జవాబు లేదు. తిరగ్గొట్టారు. మళ్లీ పెట్టుకోవడానికి 12 నెలలు ఆగమన్నారు. ఆ ఏడాదిలో ఒక గ్యారేజీ అద్దెకు తీసుకుని, వాడేసిన ప్లాటర్ 700 డాలర్లకు కొని, ఇంకో రెండు కంపెనీల పని తెచ్చుకున్నాను. కంపెనీ నిజంగా పుట్టింది ఆ గ్యారేజీలోనే. మీ రెండు సబ్ కాంట్రాక్టులూ పాత కంపెనీ నుంచే వచ్చాయా? మీరు రాయలేదు. అలాగైతే మూడోది ఎవరి దగ్గరైనా సరే, వేరే చోట తెచ్చుకోండి.

ఇప్పుడు కథ దగ్గరికి వద్దాం. గుట్టుగా బతికినవాళ్లం అన్నారు. మా ఇంట్లోనూ అంతే. కొడుక్కి ఉద్యోగం పోయిందని చుట్టాలకి తెలియకూడదని, మా అమ్మ నేను సెలవు మీద ఇంట్లో ఉన్నానని చెప్పేది. ఆ పెంపకంలోంచి వచ్చినవాళ్లకి ఈ కాగితం రాయడం కన్నా టాక్సులు రెండింతలు కట్టడం తేలిక. కానీ అందులో అడిగేది ఏడుపు కాదమ్మా. మీ అత్తగారి మాటలు, ఇంటి గొడవలు, ఒంట్లో బాగోలేని రోజులు, అవేవీ వాళ్లకక్కర్లేదు. నిబంధన కోరేది ఇంత: అమెరికా సమాజంలో మీకు ఎదురైన ఫలానా ఫలానా ఆర్థిక ఇబ్బంది, అడ్డంకి, చేజారిన అవకాశం. అది మీ చదువుకో ఉద్యోగానికో వ్యాపారానికో ఎలా అడ్డుపడింది. దాని వల్ల ఎంత నష్టం వచ్చింది. మీలాంటి పనే చేసే, ఆ అడ్డంకి లేని మనిషితో పోలిస్తే మీరు ఇవాళ ఎంత వెనకబడి ఉన్నారు.

అమెరికా సమాజంలో అన్న మాట గుర్తుపెట్టుకోండి. కాకినాడలో ఫీజు కట్టడానికి గాజులు తాకట్టు పెట్టిన సంగతి ఎంత నిజమైనా ఇక్కడ లెక్కలోకి రాదు. మన వాళ్ల ముసాయిదాలు నేను చూసినవాటిలో మొదటి పేజీ అంతా అదే ఉంటుంది, చదివే ఆఫీసరు రెండో పేజీకి వచ్చేసరికి అలసిపోతాడు. అలాగే 'భారతీయ మహిళగా నేను వివక్ష ఎదుర్కొన్నాను' అని మొదలుపెట్టి అక్కడే ఆగే వాక్యం కూడా పనికిరాదు. జాతితో, ఆడ-మగ తేడాతో సంబంధం లేకుండా చూడాలన్నదే కొత్త నియమం కదా. ఏం జరిగింది, ఏ నెలలో, ఎవరు ఏ కాగితం ఇచ్చారు, ఎంత పోయింది. ఈ నాలుగూ రాస్తే చాలు.

మీ ఉత్తరంలోనే మూడు కనపడుతున్నాయి నాకు. ఒకటి, వీసా. మీకు గ్రీన్ కార్డు రాకముందు గడిచిన ఏళ్లన్నీ ఒక కంపెనీకే కట్టుబడి ఉన్నారు. ఆ కాలంలో మీతో చేరినవాళ్లు సొంత కంపెనీలు పెట్టుకుని ఉంటారు. రాయండి, కానీ దాని మీదే నిలబడకండి. ఆ వరసలో నిలబడ్డది మీరొక్కరే కాదంటారు, ఆ మాట తీసేయలేం. రెండు, ఆ 13 ఏళ్లలో ప్రాజెక్ట్ మేనేజర్ పదవికి అడిగారా? అడిగితే ఏమన్నారు? మీ తర్వాత చేరినవాళ్లకి వచ్చిందా? ఏటేటా ఇచ్చే రివ్యూ కాగితాలు, జీతం ఉత్తరాలు మీ దగ్గరుంటే అక్కడ కథ ఉండొచ్చు. లేకపోతే లేదు, కల్పించకండి. మూడోది బ్యాంకు. దీనికి చివర వస్తాను.

4 వేలు అడిగిన ఆయనకు దండం పెట్టి పంపేయండి. దరఖాస్తుతో పాటు మీరు సంతకం పెట్టే ప్రకటన, అబద్ధమైతే ప్రమాణభంగం కింద శిక్షకు సిద్ధమని పెట్టేది. రాసింది ఆయన, సంతకం మీది. ఇంటర్వ్యూలో అడిగేది మిమ్మల్ని, ఆయన రాసిన మూడో పేరా గురించి. ఇలాంటివి ఎంత దూరం పోతాయో తెలియాలంటే పెన్సిల్వేనియాలో స్కూల్‌కిల్ ప్రొడక్ట్స్ కేసు చాలు. వంతెనల కాంక్రీటు దూలాలు చేసే ఆ కంపెనీ, మరికినా అనే చిన్న డీబీఈ కంపెనీని ముందు పెట్టుకుని 15 ఏళ్లు పనులు తనే చేసుకుంది. బినామీ బాగోతం. మొత్తం 13 కోట్ల 60 లక్షల డాలర్లకు పైగా కాంట్రాక్టులు. చివరికి పెద్ద కంపెనీ యజమానులూ, పేరిచ్చిన చిన్నాయనా అందరూ నేరస్థులయ్యారు. మీకు ఎవరైనా 'పేరు మీది, పని మాది, 5 శాతం ఇస్తాం' అంటే ఈ కేసు గుర్తు చేసుకోండి. అనేవాళ్లు ఉంటారు, మర్యాదగా, మన భాషలోనే అంటారు.

నింపడంలో సాయం కావాలంటే ఎపెక్స్ యాక్సిలరేటర్లని ఉన్నాయి, ఇదివరకు పీటాక్ అనేవాళ్లు. డబ్బు తీసుకోకుండా కూర్చోబెట్టి చెప్తారు. కథ మాత్రం మీరే రాయండి. తెలుగులో రాసుకోండి ముందు. నవ్వకండి, నిజంగానే అంటున్నాను. ఇంగ్లిష్‌లో మొదలుపెడితే రెజ్యూమె రాసినట్టు గొప్పలు వస్తాయి. అలవాటైపోయింది మనకి. అక్కయ్యకి ఉత్తరం రాసినట్టు రాసి, తర్వాత మార్చుకోండి.

ప్లాటు సంగతి: చెప్పాలి. సొంత ఆస్తి విలువకు పరిమితి ఉంది, 2024లో దాన్ని 20 లక్షల 47 వేల డాలర్లకు పెంచారు. అంతకు ముందు 13 లక్షల 20 వేలు ఉండేది. ఉంటున్న ఇంట్లో మీ వాటా లెక్కించరు, ఈ కంపెనీలో మీ వాటా లెక్కించరు, 401కే లాంటి రిటైర్మెంట్ డబ్బు 2024 నుంచి పూర్తిగా వదిలేశారు. మిగతాది ఎక్కడున్నా మీదే. హైదరాబాద్ ప్లాటు, అమరావతిలో కొన్నదేదైనా ఉంటే అది, ఊళ్లో మీ పేరున రాసిన పొలం, బ్యాంకులో డిపాజిట్లు, అన్నీ. ఆస్తులు రాసే ఫారంలో నగలకు కూడా గడి ఉంది. మన ఆడవాళ్ల లాకర్లు చూసే ఎవరో పెట్టినట్టుంటుంది. సరే పోనీ, అమ్మగారి పేరుకు మార్చేద్దాం అనుకుంటారేమో, దరఖాస్తుకు ముందు రెండేళ్లలో దగ్గరివాళ్లకు ఊరికే రాసిచ్చింది తిరిగి మీ లెక్కలోకే వస్తుంది. హైదరాబాద్‌లో ఇవాళ్టి ధరకి ప్లాటు ఎంత చేస్తుందో కాగితం మీద చూపించేలా ఒక వాల్యుయేషన్ తెప్పించుకోండి. పరిమితి లోపలే ఉంటారని నా అంచనా. ఉంటే దాచాల్సిన పనే లేదు. దాచింది తర్వాత బయటపడితే, అప్పటిదాకా రాసిన నిజాలన్నీ కూడా మాసిపోతాయి.

దరఖాస్తు నిండుగా చేరాక 90 రోజుల్లో తేల్చాలని నిబంధన, ఇంకో 30 రోజులు పొడిగించుకోవచ్చు. నెలలో చేతికొస్తుందన్న మాట వదిలేయండి. పాతవాళ్ల పరీక్షలు కూడా అదే బల్ల మీద ఉంటాయి. కాదంటే వాషింగ్టన్‌లో రవాణా శాఖ పౌరహక్కుల విభాగానికి 45 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. ఇచ్చాక ఏటా ఆ తేదీకి అర్హత ప్రకటన, ఆదాయం కాగితాలు పంపాలి. వాటాలు మారినా పెత్తనం మారినా 30 రోజుల్లో తెలియజేయాలి. ఏ పనికి గుర్తింపు కావాలో చెప్పే కోడ్ అడిగేటప్పుడు ఇంజినీరింగ్ సేవలది, 541330, అది అడగండి. సర్వేయింగ్, టెస్టింగ్ కూడా వేసేద్దాం అనుకోకండి. మీరు నడిపించి చూపించగలిగిన పనికే గుర్తింపిస్తారు. సర్వేయర్ లైసెన్సు లేకుండా ఆ కోడ్ అడిగితే అనవసరంగా మిగతాదాని మీద కూడా అనుమానం వస్తుంది.

దండగా కాదా? నా లెక్క ఇది. పై నాలుగు మాటల పద్ధతిలో రాస్తే రెండు మూడు గట్టి సంఘటనలు, వాటికి కాగితాలు మీ దగ్గర తేలితే పెట్టండి. పరీక్షలు పూర్తయి లక్ష్యాలు తిరిగి వచ్చే రోజున చేతిలో కొత్త పద్ధతి సర్టిఫికెట్ ఉన్నవాళ్లు తక్కువమంది ఉంటారు. తేలకపోతే ఈ ఏడాదికి వదిలేయండి, సిగ్గేం లేదు. ఏదైనా సరే, ఆ సర్టిఫికెట్ వస్తుందని ఇంకో మనిషిని ఉద్యోగంలోకి తీసుకోకండి.

మీ పనికి ఉన్న వరం ఏమిటంటే, ఇంజినీరింగ్ డిజైన్ తక్కువ ధరకి ఇచ్చేది కాదు. 1972 బ్రూక్స్ చట్టం నుంచీ ఫెడరల్ పనుల్లో అర్హత చూసే ఎంచుకుంటారు, టెక్సాస్‌లోనూ అదే పద్ధతి. అంటే మీ 13 ఏళ్ల డ్రైనేజీ లెక్కలే మీ సరుకు. ఊళ్ల వాననీటి పనులు చాలావరకు ఆయా నగరాల సొంత రుసుములతో, బాండ్లతో జరుగుతాయి, ఫెడరల్ డబ్బు లేని చోట డీబీఈ ప్రసక్తే లేదు. 2018లో టెక్సాస్‌కి అమెరికా వాతావరణ సంస్థ నోవా వారి అట్లాస్ 14 వాన లెక్కలు వచ్చాక పాత కల్వర్టులు చాలక ఎన్ని చోట్ల మళ్లీ డిజైన్ చేయాల్సి వచ్చిందో మీకే బాగా తెలుసు. నగరాల ప్రీ-ప్రపోజల్ మీటింగులకు వెళ్లండి. వెనక కుర్చీలో కూర్చోకండి. పెద్ద కంపెనీల డ్రైనేజీ లీడ్ ఎవరో కనుక్కుని, వాళ్ల పాత రిపోర్టు ఒకటి చదివి వెళ్లి పలకరించండి. కాఫీకి పిలిచే ఈమెయిల్ కన్నా అది పనిచేస్తుంది, నాకు పనిచేసింది.

డబ్బు ఆలస్యం గురించి ఒక్క మాట. ఫెడరల్ డబ్బున్న పనిలో ప్రైమ్‌కి, అంటే ప్రధాన కాంట్రాక్టరుకి, సొమ్ము అందిన 30 రోజుల్లో సబ్ కాంట్రాక్టరుకి ఇవ్వాలని పార్ట్ 26 చెప్తుంది. ప్రైమ్‌కి ఎప్పుడు అందుతుందన్నది దానికి ముందు ప్రశ్న. నాలుగు నెలల జీతాలకు డబ్బు చేతిలో ఉంచుకున్నాకే పని ఒప్పుకోండి. మీకు లైన్ ఆఫ్ క్రెడిట్ అవసరం అందుకే, బ్యాంకు కాదన్నది చిన్న విషయం కానిదీ అందుకే.

ఇప్పుడు ఆ బ్యాంకు. ఫోన్లో కాదన్నారన్నారు. అప్పు నిరాకరిస్తే కారణాలు రాతపూర్వకంగా చెప్పమని అడిగే హక్కు మీలాంటి చిన్న వ్యాపారానికి సమాన రుణ అవకాశాల చట్టం కింద ఉంది. కాదన్నట్టు తెలియజేసిన 60 రోజుల్లోపల అడగాలి, అడిగిన 30 రోజుల్లో వాళ్లు ఇవ్వాలి. పోయిన నెల అన్నారు గనక మీకు కొన్ని వారాలే ఉన్నాయి. ఎంత అడిగారు, ఏ తేదీన, ఏ బ్రాంచిలో, ఎవరు ఫోన్ చేశారు, గుర్తున్నప్పుడే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఈ సోమవారమే ఉత్తరం రాయండి, ఈమెయిల్ కూడా, రిజిస్టర్డ్ పోస్టు కూడా. సంతకం మీరొక్కరే పెట్టండి.